ఛాయాచిత్రమునకు మూలప్రతి మర్యాద

ప్రతిబింబమును నిలిపియుంచు విద్య 1839లో ఐరోపాలో ప్రకటింపబడినది. మరుసటి సంవత్సరమునకే దాని పరికరములు కలకత్తా చేరినవి. నాటినుండి నేటివరకు భారతదేశమున తీయబడిన ఛాయాచిత్రములలో అధికభాగము కుటుంబముల జ్ఞాపకార్థములు. కొన్ని చరిత్రకు సాక్ష్యములు. కొన్ని నిస్సందేహముగా కళాఖండములు. ఈ కడపటి తరగతికి చెందినవానికి చిత్రలేఖనములతోడను, శిల్పములతోడను సమానమైన గౌరవము చెల్లవలెనని నేడు విజ్ఞులందరును అంగీకరించుచున్నారు. కాని గౌరవము వేరు, రక్షణము వేరు. నేటి గ్రంథాలయములలోను, విద్యాసంస్థలలోను ఛాయాచిత్ర రక్షణమనగా స్కానరుపై నుంచి డిజిటల్ నకలు తీయుటయే యను అభిప్రాయము నానాటికి బలపడుచున్నది. నకలు సిద్ధమైన పిమ్మట మూలము ఏ బీరువా అడుగునకో చేరినను చింత లేదను ధోరణి దానివెంటనే వచ్చుచున్నది. ఈ ధోరణి హానికరమైనది. ఈ సంగతిని తెలుగు పండితులు తక్కినవారికంటె ముందుగా గుర్తింపగలరు. ఏలయన ఇట్టిదే తెలుగు సాహిత్యరంగమున ఇంతకుముందు ఒకసారి జరిగినది.

పందొమ్మిదవ శతాబ్దమున తెలుగు కావ్యములు అచ్చునకు రాసాగినప్పుడు, గ్రంథము అచ్చయినది గదా యని తాళపత్ర ప్రతిని అటకపై ఉపేక్షించిన కుటుంబములు కలవు. అచ్చుప్రతియందు పాఠమున్నది, ఇక ఆకులతో పనియేమి యని వారి తర్కము. కాని ముద్రితపాఠము ఒక పరిష్కర్త తన కాలమున, తనకు లభించిన ప్రతులతో, తన అభిరుచి ననుసరించి చేసిన నిర్ణయము మాత్రమే. సి. పి. బ్రౌను ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులను సేకరించి, పండితులచే పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ శుద్ధప్రతులు తెలుగునకు చేసిన మేలు అపారము. అయినను ఒక పద్యమున సందేహము పుట్టినప్పుడు నేటి పరిశోధకుడు శుద్ధప్రతితో తృప్తిపడడు. దానికి వెనుకనున్న ఆకును వెదకును. ఆకు లేనిచో ఆ సందేహము శాశ్వతముగా సందేహముగనే మిగిలిపోవును. పాఠము, పాఠమును మోయు ప్రతి అనునవి రెండు వేర్వేరు వస్తువులని ఈ అనుభవము నేర్పినది.

డిజిటల్ నకలు ఛాయాచిత్రమునకు శుద్ధప్రతివంటిది. ఒక దినమున, ఒక యంత్రముపై, ఒక ఉద్యోగి ఎంచుకొనిన కాంతిలో, ఎంచుకొనిన కొలతలో అది తీయబడినది. ఎంత సూక్ష్మముగా తీసినను అది ఆనాటి ప్రశ్నలకు మాత్రమే సమాధానము చెప్పగలదు. రేపటి పరిశోధకుడు అడుగబోవు ప్రశ్న యేదియో నేడు ఎవరికిని తెలియదు. ఆ ప్రశ్నకు సమాధానమిచ్చు శక్తి మూలమునకే కలదు. ఈ విషయమును హైదరాబాదుతో సంబంధము గల ఒక ఉదాహరణముతో పరిశీలించుట ఉచితము.

లాలా దీనదయాళు 1844లో మీరటు సమీపమున గల సర్ధనలో జన్మించెను. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇండోరులో ప్రభుత్వ నిర్మాణశాఖ యందు ఉద్యోగియై, 1870ల నడుమ ఛాయాచిత్రకళ నారంభించెను. 1882-83 ప్రాంతమున లెపెల్ గ్రిఫిన్ వెంట పర్యటించి మధ్యభారతపు ప్రాచీన కట్టడములను చిత్రించెను. పిమ్మట ఆరవ నిజామగు మహబూబ్ అలీఖానుని ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికిందరాబాదులో స్టూడియోను నెలకొల్పెను. 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకొరకు ప్రత్యేకముగా మరియొక స్టూడియో తెరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లవనిత కప్పగించెను. 1896లో బొంబాయిలో ఇంకొకదానిని స్థాపించెను. నిజామువలన రాజా బిరుదమును పొంది, 1905లో కీర్తిశేషుడయ్యెను. దర్బారులు, వేటలు, సైనిక విన్యాసములు, కోటలు, రాజభవనములు, జమీందారుల కుటుంబములు మాత్రమేగాక, 1899-1900 నాటి కరవులో నిజాము రాజ్యమున జరిగిన సహాయకార్యములు సైతము ఆయన సంస్థ తీసిన చిత్రములలో కలవు. ఆయన వంశీయులు కాపాడుకొనివచ్చిన గాజునెగెటివులలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో సంపాదించినది. మూడు దశాబ్దముల కృషిలో ఇది కొంతభాగము మాత్రమే. ఆ మాత్రమైనను నిలుచుటకు కారణము, గాజును పనికిరాని సామానుగా భావింపక దాచుకొనిన కుటుంబము ఒకటి ఉండుట. అనేక పట్టణములలో స్టూడియోలు మూతపడినప్పుడు పలకలు పాతసామానుల అంగళ్లకు పోయినవి.

ఈ చిత్రములు ఏ పదార్థముతో చేయబడినవో తెలియనిదే వానిని కాపాడు పద్ధతి తెలియదు. ఆ కాలమున కాగితముపై ముద్రణమునకు విశేషముగా వాడుకలోనుండినది ఆల్బుమెన్ పద్ధతి. 1850లో ఫ్రెంచి దేశీయుడగు బ్లాంకార్ ఎవ్రార్ దీనిని ప్రకటించెను. ఆల్బుమెన్ అనగా కోడిగ్రుడ్డులోని తెల్లసొన. ఉప్పు కలిపిన తెల్లసొనను పలుచని కాగితమునకు పట్టించి ఆరబెట్టి, దానిపై సిల్వర్ నైట్రేటు ద్రావణమును పూసి, గాజునెగెటివు క్రింద నుంచి ఎండలో పెట్టెడివారు. బొమ్మ తేలిన పిమ్మట బంగారపు లవణముతో రంగు దిద్ది, హైపోలో ముంచి, నీట పలుమారులు కడిగెడివారు. జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున ఇట్టి కాగితమును తయారుచేయు ఒక కర్మాగారమే 1888లో 60 లక్షలకు పైగా గ్రుడ్లను వినియోగించినది. నెగెటివుల విషయమునకు వచ్చినచో, 1871లో ఆంగ్లవైద్యుడగు రిచర్డ్ మాడాక్స్ సూచించిన జిలాటిన్ పద్ధతి వృద్ధిచెంది, గాజుపలకపై జిలాటిన్ పొరలో వెండికణములు నిలుచునట్టి పొడిపలకలు 1880లలో వ్యాపించినవి. జిలాటిన్ పశువుల ఎముకలనుండియు, చర్మమునుండియు తీసిన జిగురుపదార్థము. కనుక ఛాయాచిత్రమనగా వట్టి కాగితము కాదు, వట్టి గాజు కాదు. వెండి, తెల్లసొన, జిలాటిన్, కాగితము, అట్ట, గాజు కలసిన సంకీర్ణవస్తువు. తాటియాకువలెనే దీనికిని బూజు పట్టును, పురుగు తగులును, తేమ సోకును.

నకలులో నిలువక మూలమున మాత్రమే నిలుచు విషయములు పెక్కు కలవు. దీనదయాళు నెగెటివులపై వరుససంఖ్యయు, చిత్రనామమును వ్రాయబడియుండును. ముద్రణమున అవి బొమ్మ అంచున కనబడును. తాళపత్రమున ఆశ్వాసాంత గద్యమునకు గల స్థానమే ఛాయాచిత్రమున ఈ వ్రాతకు కలదు. కర్త యెవ్వడు, స్థలమెయ్యది, క్రమములో ఇది యెన్నవది యను సంగతులు అక్కడనే తెలియును. పుస్తకములలో అచ్చువేయువారు అందముకొరకు ఈ అంచును కత్తిరించుచున్నారు. కావ్యమును ప్రకటించుచు గద్యమును విడిచిపెట్టు పరిష్కర్తను పండితలోకము క్షమింపదు; ఛాయాచిత్రమునందు అదే పని జరిగినను పట్టించుకొనువారు లేరు. అటులే ఆనాటి స్టూడియోలలో ముఖముపై మచ్చలను కప్పుటకును, నీడలను సడలించుటకును నెగెటివు ఉపరితలముపై పెన్సిలుతో దిద్దెడివారు. అక్కరలేని భాగములను ముదురురంగుతో కప్పెడివారు. ఈ దిద్దుబాటు ఆ కాలపు సౌందర్యదృష్టికి ప్రత్యక్ష సాక్ష్యము. ఏటవాలు వెలుగున పలకను పట్టి చూచినప్పుడు అది కన్నులకు గోచరించును. సామాన్యమైన నకలులో బొమ్మతో కలసిపోవును. ఇది తెలియనివారు పలకను శుభ్రము చేయబూని తుడిచినచో, మురికితోపాటు కళాకారుని చేతిపనియు పోవును.

ఆల్బముల స్థితియు ఇట్టిదే. ఒక ఆల్బములో ఏ చిత్రము పిదప ఏ చిత్రమున్నదను క్రమము, క్రింది చేతివ్రాత, బైండు, ఎవరికి సమర్పింపబడినదను లేఖ, ఇవియన్నియు కలసి ఒక ప్రబంధము. చిత్రములను విడదీసి ఒక్కొక్కటిగా అమ్ముకొనినను, చట్రములలో బిగించినను ఆ ప్రబంధము చాటుపద్యములుగా చెదరిపోవును. పద్యము మిగులును, కథ మిగులదు.

ఇక శత్రువుల విషయము. ఛాయాచిత్రములు వెలిసిపోవుటకు కారణముల నరయుటకై లండనులోని ఛాయాచిత్రసంఘము 1855లోనే ఒక ఉపసంఘము నేర్పరచినది. సరిగా కడుగక మిగిలిపోయిన హైపో, గాలిలోని గంధకవాయువులు, వీనికి తోడుపడు తేమ ముఖ్యకారణములని ఆ ఉపసంఘము తేల్చినది. నేటి విజ్ఞానము దానిని కాదనక, మరికొన్నింటిని చేర్చినది. కొయ్యగుజ్జుతో చేసిన చవుక అట్టలలోని ఆమ్లము చిత్రమును పసుపు పచ్చగా మార్చును. క్రొత్తగా రంగువేసిన గదులలోను, ప్లైవుడ్డు బీరువాలలోను వెలువడు వాయువులు వెండిని కరగించి ఉపరితలమునకు లాగికొనివచ్చును. ముదురుభాగములపై నీలిరంగు అద్దపుమెరుగువలె తోచునది దాని ఫలితమే. తెల్లసొన వెలుగు తగులకున్నను కాలక్రమమున పసుపెక్కును. ఈ మార్పులలో అధికభాగము మరల వెనుకకు త్రిప్పరానివి. వైద్యముకంటె పథ్యమే మేలను సామెతకు ఇంతకు మించిన దృష్టాంతము దొరకదు.

అన్నిటికంటె పెద్ద శత్రువు తేమ. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత నూటికి 65 దాటినచో బూజు పెరుగుటకు అవకాశము కలుగును. జిలాటిన్ ఉబ్బి మెత్తబడి తగిలినదాని కంటుకొనును. మిక్కిలి తగ్గినచో అదే పొర కుదించుకొనిపోయి పెళుసెక్కి గాజునుండి ఊడివచ్చును. నూటికి 30 మొదలు 50 వరకు ఆర్ద్రత స్థిరముగా నుండుట మేలని నిపుణుల మతము. ఇచట స్థిరముగా అనుమాట ముఖ్యమైనది. అనేక సంస్థలలో పగలు కార్యాలయవేళలందు శీతలయంత్రమును నడిపి, సాయంకాలము ఆపివేయుదురు. రాత్రి గది వేడెక్కి తేమ చేరును. ఉదయము మరల చల్లబడును. ప్రతిదినము ఉబ్బి ప్రతిదినము కుదించుకొను పొర ఎంతకాలము నిలుచును? ఇట్టి అరకొర శీతలీకరణముకంటె, దళసరి గోడల నడుమ, ఉత్తరముఖమున, పైకప్పు ఎండకు ఎదురుగానట్టి లోపలిగదియే మేలు. నేలమాళిగలు, నీటిగొట్టములు పోవు గదులు, మిద్దెపై గదులు ఇందుకు పనికిరావు. ఆర్ద్రతను కొలుచు చిన్న పరికరమొకటి గోడకు తగిలించి, దినమునకు రెండుసార్లు పుస్తకమున వ్రాసికొనుట రక్షణకు మొదటిమెట్టు. దీనికగు వ్యయము స్వల్పము.

రెండవమెట్టు తొడుగు. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క తొడుగు ఉండవలెను. వార్తాపత్రికలలోను, గోధుమరంగు పొట్లపు కాగితములోను, పి. వి. సి. సంచులలోను చుట్టరాదు. ఆమ్లములేని నూలుకాగితమో, స్వచ్ఛమైన పాలియెస్టరు పొరయో వాడవలెను. తొడుగు కాగితము ఛాయాచిత్రమునకు హాని చేయునో లేదో ముందుగా పరీక్షించు అంతర్జాతీయ ప్రమాణపద్ధతి యొకటి కలదు. ఆ పరీక్షలో నెగ్గిన కాగితమునే కొనవలెను. గాజుపలకలకు నలువైపుల మడచు తొడుగు శ్రేష్ఠము. పలకను లోనికి త్రోయుటయు, వెలికి లాగుటయు లేకుండ రేకులవలె విప్పి తీయవచ్చును. పలకలను ఒకదానిపై నొకటి పేర్చక, పొడవువైపు అంచుపై నిలువుగా నిలుపవలెను. పెట్టెలో ఎక్కువ పలకలు నింపరాదు. గాజు బరువు మోయువానికి తెలియవలసినదే. పగిలిన పలకను పారవేయరాదు, జిగురుతో అతుకరాదు. ముక్కలను ఒకదానికొకటి ఒరయకుండ రెండు మంచి గాజుల నడుమ నుంచవలెను. వివరములను తొడుగుపై పెన్సిలుతో, చిత్రమును లోపల పెట్టుటకు ముందే వ్రాయవలెను.

దేశాచారమునుండి పుట్టు హానులును కొన్ని కలవు. పూజ్యుల పటములకు గంధము, కుంకుమ పెట్టుట, పూలదండ వేయుట గౌరవసూచకములు. కాని తడిపూల నీరు చట్రమున దిగి చిత్రమును గాజున కంటించును. విద్యాశాఖలలో గోడలపై వ్రేలాడు కవిపండితుల పటములలో అనేకము ఈ విధముననే చెడుచున్నవి. చిత్రమునకును గాజునకును నడుమ అట్టచట్రముతో ఎడము ఉంచవలెను. అంతకంటె మేలైన మార్గము, గోడపై మంచి నకలును వ్రేలాడదీసి, దానికే దండవేసి, మూలమును చీకటిగదిలో దాచుట. నకలునకు తగిన ఉద్యోగము ఇదియే. ప్రదర్శనములందు ఆల్బుమెన్ చిత్రములపై వెలుగు 50 లక్సులకు మించరాదు. కొన్ని నెలలు చూపిన పిదప వానికి విశ్రాంతి నీయవలెను. చినిగిన పటమును అంటుటేపుతో అతికించుట, లామినేషను చేయించుట అనునవి రక్షణముగా తోచు విధ్వంసములు. లామినేషను చేసిన చిత్రమును మరల విడదీయుట దాదాపు అసాధ్యము.

ఇచట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. ఎంత శ్రద్ధ చేసినను మూలము ఎప్పటికైనను నశించునదే. పరిమితమైన ధనమును గదులకును పెట్టెలకును వెచ్చించుటకంటె, శీఘ్రముగా నకళ్లు తీసి దేశమున కంతటికి అందించుట ప్రజోపయోగము కాదా యని కొందరందురు. రంగుచిత్రముల విషయమున, అసిటేటు ఫిలిముల విషయమున ఈ వాదమునకు బలము కలదు. రంగుచిత్రములలో పెక్కింటి వర్ణద్రవ్యములు చీకటిలో నున్నను క్షీణించును; అసిటేటు ఫిలిము వెనిగరు వాసన వెదజల్లుచు ముడుచుకొనిపోవును. అచట నకలు తీయుటలో ఆలస్యము తగదు. కాని అచటను శీతలస్థలమున నుంచినచో మూలము ఆయువు ఎన్నోరెట్లు పెరుగును. ఇక నకలు శాశ్వతమను నమ్మకము నిరాధారము. డిస్కులు చెడును, యంత్రములు మారును, లిపిబద్ధము చేసిన పద్ధతులు వాడుక తప్పును. 1890 నాటి గాజుపలకను వెలుగునకెత్తి నేడును చూడవచ్చును. 1990 నాటి ఫ్లాపీని తెరచుటకు యంత్రమును వెదకవలసియున్నది. నకలునకు ప్రతి కొన్ని సంవత్సరములకు క్రొత్త నకలు తీయుచుండవలెను; ఆ వ్యయము ఎన్నటికిని ముగియదు. కనుక నకలు మూలమునకు వారసుడు కాదు, సేవకుడు. పదిమంది చేతులు మూలమును తాకకుండ కాపాడుటలోనే దాని సార్థకత.

ప్రభుత్వ వ్యవస్థయందును ఛాయాచిత్రమునకు నిశ్చితమైన స్థానము లేదు. 1972 నాటి ప్రాచీనవస్తు కళానిధుల చట్టమున నాణెమునకు, శిల్పమునకు, చిత్రలేఖనమునకు, శాసనమునకు పేరు కలదు. ఛాయాచిత్రమునకు పేరు లేదు. 100 ఏండ్లు నిండిన కళాఖండమనియో, 75 ఏండ్లు నిండిన పత్రమనియో సామాన్యశబ్దములలో దానిని ఇముడ్చుకొనవలసినదే. 2003లో కేంద్రప్రభుత్వము నేషనల్ మిషన్ ఫర్ మాన్యుస్క్రిప్ట్స్ నారంభించినప్పుడు చేతివ్రాతలకు మాత్రమే అందు చోటు కల్పించినది, అది సహజమే. మ్యూజియములకు ఛాయాచిత్రము కాగితము. గ్రంథాలయములకు అది బొమ్మ. పురాలేఖశాలలకు అది ఫైలులోని అనుబంధము. ముగ్గురు బంధువులున్న అనాథస్థితి దానిది.

విశ్వవిద్యాలయములు, విశేషించి భాషాసాహిత్యశాఖలు, ఈ అనాథను చేరదీయుటకు అర్హములు. వానియొద్ద తాళపత్ర వివరణపట్టికలు తయారుచేయు అనుభవమున్నది. ఆకుల సంఖ్య, కొలత, లిపి, ఆద్యంతములు, శైథిల్యము వ్రాయుటకు అలవాటుపడిన చేయి, ఛాయాచిత్రమునకు పద్ధతి, కొలత, అంచువ్రాత, వెనుకటి ముద్ర, ప్రస్తుతస్థితి వ్రాయుటకు ఎంతమాత్రము తడబడదు. ఇందుకు మూడు నియమములు చాలును. నకలు తీయబడినదను కారణమున ఏ మూలమును తీసివేయరాదు. నకలు తీయు పనికి ధనము మంజూరు చేయునప్పుడు, తొడుగులకును పెట్టెలకును అగు ధనమును అందులోనే మొదట చేర్చవలెను. నకలు తీయునప్పుడు అంచును, వెనుకవైపును, ఆల్బము క్రమమును విడువక తీయవలెను. పరిశోధక విద్యార్థులకు తాళపత్రశిక్షణముతోపాటు ఈ శిక్షణమును ఇచ్చుట కష్టము కాదు.

హైదరాబాదు దర్బారు వైభవమును, అంతఃపుర స్త్రీల ముఖములను, కరవునాటి కంకాళములను ఒకే గాజు, ఒకే వెండి మోసినవి. అవి చరిత్రకారునికి వేరొక విధముగా, కళావిమర్శకునికి వేరొక విధముగా, శాస్త్రజ్ఞునికి ఇంకొక విధముగా సమాధానమీయగలవు. ఆ సమాధానములను వినుటకు రాబోవు తరముల వారికి గల హక్కును నేటివారు తమ సౌకర్యముకొరకు హరింపరాదు. తాటియాకును ఉపేక్షించి తెలుగువారు పోగొట్టుకొనిన పాఠములు ఎన్నియో లెక్కకు అందవు. గాజుపలక విషయమున ఆ నష్టమును నివారించుటకు ఇంకను వ్యవధి ఉన్నది. ఆ వ్యవధి దీర్ఘమైనది మాత్రము కాదు.